నలభై అడుగులు

మా ఆయన అడుగు డెబ్భై అయిదు సెంటీమీటర్లు. అడుగంటే స్కేలు మీది అడుగు కాదు, నడిచే అడుగు. పెళ్ళయిన కొత్తలో మా గుమ్మం నుంచి బస్టాపు దాకా నడిచి, "నూట ముప్ఫై ఆరు మీటర్లు" అన్నారు. నేను టైలర్ని, నోటి లెక్కలు నమ్మను. మర్నాడు నా టేపు పట్టుకుని, దారిన పోయేవాళ్ళు నవ్వుతున్నా సరే, వంగి వంగి కొలుచుకుంటూ పోయాను. నూట ముప్ఫై ఆరు మీద జానెడు ఎక్కువ తేలింది. ఆ జానెడు కూడా ఆయన తప్పు కాదు, మధ్యలో మురిక్కాలవ దగ్గర కాస్త గెంతారు. అప్పటినుంచి కొలతల విషయంలో ఆయనతో వాదన పెట్టుకోలేదు. మిగతా అన్ని విషయాల్లోనూ పెట్టుకున్నాను.

ఆయన సైన్యంలో ఇంజినీర్ల దళంలో చేశారు. వంతెనలు కట్టడం, అవసరమైతే కూల్చడం, మందుపాతరలు పెట్టడం, తీయడం, ఇదీ వాళ్ళ పని. పాతరలు పెట్టిన ప్రతిచోటికీ ఒక కాగితం రాయాలి. ఏ రాయి దగ్గర మొదలుపెట్టాం, ఏ దిక్కుకి ఎంత దూరం, మొత్తం ఎన్ని, ఒకదానికీ ఇంకోదానికీ ఎడమెంత. "పెట్టేవాడు సగం పనే చేస్తాడే. మిగతా సగం రాసేవాడిది" అనేవారు. ఆయన రాసిన ఒక కాగితానికి అద్దం కట్టించి శిక్షణ బడిలో గోడకి పెట్టారు, కొత్తగా చేరినవాళ్ళు చూసి నేర్చుకోవాలని. తర్వాత ఆయన్నే ఆ బడిలో పాఠాలు చెప్పమన్నారు. అందుకే వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆయన మాస్టారు. గోడ మీది కాగితం గురించి ఆయన ఎవరికీ చెప్పుకోరు. నేను చెప్తాను. జాకెట్టు కొలతలకొచ్చిన ప్రతి మనిషికీ చెప్తాను, చేతులు పైకెత్తి నిలబడ్డాక ఎక్కడికి పోతారు!

యుద్ధం జరిగి ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. అవతలి దేశంతో. ఎవరు ముందు మొదలుపెట్టారని అడిగితే వాళ్ళు మమ్మల్నంటారు, మేం వాళ్ళనంటాం. నా తమ్ముడు అందులో పోయాడు. ఇరవై రెండేళ్ళు. మా ఇంట్లో వాడు చిన్నోడు. నా పోరు పడలేకే మా ఆయన వాణ్ణి తన దళంలో వేయించుకున్నారు. బావ కళ్ళ ముందుంటే వాడికేం కాదనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. అందుకే అవతలివాళ్ళ ఊసెత్తితే నేను మనిషిని కాను. ముక్కు మీద కోపం నాకు పుట్టుకతోనే ఉంది, ఆ యుద్ధం దాన్ని నెత్తికెక్కించింది.

రెండేళ్ళ కిందట సంధి కుదిరింది. సంధిలో ఒక షరతుంది. ఎవరు ఎక్కడ పాతరలు పెట్టారో ఆ కాగితాలు రెండు దేశాలూ ఒకరికొకరు ఇచ్చుకోవాలి, ఎవరి నేలలో ఉన్నవి వాళ్ళు తీసుకోవాలి. మావాళ్ళు సరిహద్దుకి అవతల పెట్టినవీ ఉన్నాయి, వాళ్ళు మా వైపు పెట్టినవీ ఉన్నాయి. మా వైపు పదకొండు ఊళ్ళ పొలాలు ఆ కాగితాల కోసమే బీడుపడి ఎదురు చూస్తున్నాయి. మా ఆయన పేపర్లో ఆ వార్త మూడుసార్లు చదివారు.

ఒకరోజు పొద్దున్న పదింటికి రక్షణశాఖ నుంచి ఒక ఆఫీసరు మా ఇంటికొచ్చాడు. చిన్నవాడు, ముప్ఫై అయిదు కూడా ఉండవు. మా ముందుగదే నా కొట్టు. ఒక పక్క మిషను, ఒక పక్క కత్తిరింపు బల్ల, బల్ల నిండా బడిపిల్లల యూనిఫారాలు. ఉన్న ఒక్క ఖాళీ స్టూలు మీద కూర్చుని, "సార్, మీ కాగితం చూసే నేను పని నేర్చుకున్నాను" అన్నాడు. ఆ ఒక్క మాటకే టీలో రెండు చెంచాలు పంచదార ఎక్కువేశాను.

"ఆ గోడమీది కాగితం గురించే వచ్చాను సార్. దాన్ని బట్టి ఆఫీసులో మ్యాపు వేసి అవతలివాళ్ళకి ఇచ్చాం. మ్యాపు ప్రకారం గుర్తురాయి నుంచి ముప్ఫై మీటర్ల దాకా నేల శుభ్రం. అక్కడినుంచి పాతరల వరస మొదలు. వాళ్ళ దళంలో ఒకమ్మాయి, ఇరవై మూడేళ్ళు, సామాను మోసుకుంటూ ఇరవై నాలుగో మీటరు దగ్గర కాలు పెట్టింది."

మా ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "బతికిందా?"

"బతికింది సార్. మోకాలి కింద నుంచి పోయింది."

అప్పుడు నేనన్న మాట దాచుకోను. "కాలేగా పోయింది. నా తమ్ముడు మొత్తంగా పోలేదూ?" అన్నాను. ఆఫీసరు తల దించుకున్నాడు. మా ఆయన నా వైపు చూడనే లేదు.

"మనం కావాలనే దొంగ మ్యాపు ఇచ్చామంటున్నారు సార్. వాళ్ళ కాగితాలివ్వడం ఆపేశారు. వాళ్ళే రాయి జరిపి ఉంటారని మనవాళ్ళ అనుమానం. వచ్చే వారం రెండు దేశాలవాళ్ళూ కూర్చుంటున్నారు. ఈ రాత నాది, కొలతలు సరైనవే అని మీరొక్క సంతకం పెడితే చాలు. మీ మాటంటే ఇక్కడ తిరుగులేదు."

ఆయన ఆ కాగితం నకలు తీసుకుని చూశారు. చాలాసేపు చూశారు. "రేపు రా బాబూ" అన్నారు.

ఆఫీసరు మెట్లు దిగాడో లేదో నేను మొదలుపెట్టాను. "రేపెందుకు? మీ రాత మీకు తెలీదా? మీ కొలత తప్పిందెప్పుడు? వాళ్ళే జరిపుంటారు రాయిని, జరిపి మన మీదకి తోస్తున్నారు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు!" భోజనాలయ్యాక ఆయన ఆ కాగితం బల్ల మీద పెట్టుకుని, వేలితో వరసలు లెక్కపెడుతూ కూర్చున్నారు. నాకు ఒళ్ళు మండి, ఏముందో చూద్దామని నేనూ తొంగిచూశాను. ముందు తారీఖు కనబడింది. చిన్నోడు పోయిన మూడోరోజు.

నా గొంతు కాస్త తగ్గింది. "ఆ తర్వాత వారానికే కదండీ మీరు వాడి పెట్టె తీసుకుని ఇంటికొచ్చింది. రెండు మడమలూ పచ్చిపుళ్ళు. నెల్లాళ్ళు నేనే కట్లు కట్టాను. పెద్దాయనలా కుంటుకుంటూ మెట్లెక్కారు. నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది."

ఆయన తలెత్తారు. "ఏమన్నావు?"

"మడమలు పుండ్లన్నాను. చెవుడా?"

కాగితం నా ముందుకి తోశారు. ఒకచోట వేలు పెట్టారు. 'రాయి నుంచి మొదటి పాతరకు నలభై అడుగులు. అడుగులతో కొలిచినది' అని ఉంది, చక్కగా, గుండ్రంగా. "టేపు తెగిపోయింది. తెల్లవారుజాము, మంచు, టైము లేదు. నడిచి కొలిచాను. అదే రాశాను. ఆఫీసువాళ్ళు నలభైని డెబ్భై అయిదుతో హెచ్చవేసి ముప్ఫై మీటర్లని మ్యాపేశారు." ఆయన కాగితం మీంచి వేలు తీశారు. "ఆ రోజు నా అడుగు డెబ్భై అయిదు కాదే."

ఇంకొకరి కాగితమైతే ఆఫీసువాళ్ళు అనుమానపడి, పక్కన ఒక ప్రశ్నగుర్తైనా పెట్టేవాళ్ళు. మా ఆయన కాగితం కాబట్టి ఎవరూ అడగలేదు. మాస్టారి అడుగంటే డెబ్భై అయిదే! ఆయనకున్న పేరే కొంప ముంచింది.

"ఎందుక్కాదు?" అన్నాను.

"బూట్లు నావి కావు. నావి ముందు రోజు వాగులో పోయాయి. అవి రెండు సైజులు చిన్నవి. మడమలు కొట్టుకుపోయి, అడుగు సరిగ్గా పడట్లేదు. నాకా ధ్యాసే లేదు. లెక్కపెట్టాను, రాశాను."

"ఎవరివి?"

ఆయన చెప్పక్కర్లేదు. మా ఇంట్లో ఏడో నంబరు బూట్లు వేసుకునేవాడు ఒక్కడే ఉండేవాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒకే కప్పు కింద, ఒకే కంచం ముందు కూర్చున్న మనిషి, నా తమ్ముడి కాళ్ళ నుంచి విప్పిన బూట్లు తొడుక్కుని నడిచానని నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పను? వాణ్ణి కాపాడమని పంపావు. వాడి బూట్లు వేసుకుని తిరిగొచ్చాను."

నేను లేచి మిషను దగ్గరికి పోయాను. అప్పటికే కుట్టేసిన చొక్కా మీద మళ్ళీ కుట్టేశాను. అదే కుట్టు మీద ఎన్నిసార్లు పోనిచ్చానో తెలీదు. కోపమో, ఏడుపో, రెండూ కలిసే వచ్చాయి. ఆయన అక్కడే కూర్చున్నారు. నా వెనక ఊపిరి వినపడుతూనే ఉంది.

మర్నాడు తెల్లారగానే, "పక్కవీధి వాచ్‌మన్ బూట్లు ఏడో నంబరు, ఒక గంట అడిగి తీసుకురా" అన్నారు. ఎందుకని అడగలేదు. తెచ్చాను. ఇంటి వెనక సందులో నా టేపులు రెండు ముడేసి, ఆయన వెనకే జరుపుకుంటూ కొలవడానికి పట్టుకున్నాను. ఆయన ఆ బూట్లలో కాళ్ళు ఇరికించుకున్నారు. వేళ్ళు మడతపడి, మొహం చిట్లించారు. ఆ రోజు వీపు మీద బరువుండేదని నా గుడ్డముక్కల సంచి కూడా భుజాన వేసుకున్నారు. డెబ్భై రెండేళ్ళ మనిషి! ఎదురింటావిడ పిట్టగోడ మీంచి తల పెట్టి, "ఏంటక్కా, మాస్టారికేమైంది?" అంది. "సైన్యం మళ్ళీ రమ్మంది, తయారవుతున్నారు, నీకూ ఒక సంచి ఇవ్వనా?" అన్నాను. తల లోపలికి పోయింది.

నలభై అడుగులు వేశారు. ఇరవై నాలుగు మీటర్ల ముప్ఫై. మళ్ళీ వేశారు. ఇరవై మూడు తొంభై. మూడోసారి ఇరవై నాలుగు మీద పది. 

నాకు ఒక అనుమానం వచ్చింది. అడ్డం పడటానికి ఏదో ఒకటి దొరక్కపోతుందా అనే ఆశ. "ముసలితనమండీ. అడుగు తగ్గిపోయుంటుంది" అన్నాను. ఆయన మాట్లాడకుండా బూట్లు విప్పి, సంచి దించి, తన చెప్పులేసుకుని నలభై అడుగులు నడిచారు. ఇరవై తొమ్మిది మీటర్ల డెబ్భై. ఆ వయసులో! ఇంకెప్పుడైనా అయితే వీధంతా తిరిగి చెప్పుకునేదాన్ని. ఆ పూట మాత్రం నా టేపు అబద్ధం చెప్తే బావుండనిపించింది.

ఆయన మెట్టు మీద కూలబడ్డారు. "ఇరవై నాలుగు. ఆ పిల్ల కాలు పెట్టింది సరిగ్గా అక్కడే. నేను రాసింది నమ్మి పెట్టింది." మడమ మీద తోలు లేచిపోయి ఉంది. పొయ్యి మీది గోరువెచ్చని నీళ్ళు తెచ్చి కడిగాను. ముప్ఫై ఒక్క ఏళ్ళ తర్వాత మళ్ళీ అదే చోట కట్టు.

పదింటికి ఆఫీసరు వచ్చేటప్పటికి ఆయన వేరే కాగితం రాసి ఉంచారు. బూట్లు, మడమ, అరవై సెంటీమీటర్ల అడుగు, అన్నీ. ఆఫీసరు చదువుతుంటే మొహంలో రంగు మారింది.

"సార్, ఇది బయటికి వెళ్తే ఏమవుతుందో తెలుసా? మనం తప్పుడు మ్యాపు ఇచ్చామని మన నోటితో మనమే ఒప్పుకున్నట్టు. లోకమంతా వాళ్ళ మాటే నిజమంటుంది. రేపు ప్రతి బల్ల దగ్గరా ఇది మన మొహాన కొడతారు. దేశం పరువు సార్."

"మరి ఆ వరసలో ఇంకా ఉన్న పాతరలు?"

"వాళ్ళకి యంత్రాలున్నాయి. నెమ్మదిగా వాళ్ళే వెతుక్కుంటారు. అవతల ఉన్నది శత్రువు సార్, మన చుట్టాలు కాదు."

మా ఆయన గొంతు పెంచలేదు. బడిలో కుర్రాళ్ళకి చెప్పినట్టే చెప్పారు. "బాబూ, ఈ కాగితం ఎవరి కోసం రాయమని నేర్పాను మీకు? మనకోసం కాదు. తర్వాత ఎప్పుడో వచ్చి తీసేవాడి కోసం. వాడు మనవాడో, వాళ్ళవాడో రాసే రోజున తెలీదు. తుపాకీ పేల్చినవాడు ఎటు పేలుస్తున్నాడో చూసి పేలుస్తాడు. పాతరకి కళ్ళు లేవు. యుద్ధం ఉన్నంతసేపు శత్రువనుకో, నేనూ అనుకున్నాను, పెట్టింది నేనే. సంధయ్యాక కూడా పేలుతూ ఉంటే అది యుద్ధం కాదు, హత్య. తెలిసి ఊరుకుంటే ఆ హత్య నాది."

నిజం చెప్పొద్దూ, అప్పటిదాకా నా మనసు ఆఫీసరు వైపే ఉంది. పరాయి పిల్ల కాలు కోసం మా ఆయన పేరు మట్టికొట్టుకుపోవడమేంటి! గోడమీద అద్దంలో ఉన్న పేరది. దాన్ని చూసే కదా నేనూ ఇన్నేళ్ళు తలెత్తుకుని తిరిగాను. ఆయన్ని ఎలాగోలా ఆపాలనే నోరు తెరవబోయాను. ఈలోగా ఆఫీసరు అన్నాడు, మంచిగానే అన్నాడు పాపం, "ఆ బూట్ల సంగతి మీకూ అమ్మకీ తప్ప మూడోవాడికి తెలీదు సార్. ఇక్కడే ఆపేద్దాం. నేను ఈ కాగితం చూడలేదు."

నాలో ఏదో భగ్గుమంది. "ఏంటి బాబూ ఆపేది?" అన్నాను. చేతిలో కత్తెర ఉంది, అది ఊపుతూనే మాట్లాడుతున్నానని తర్వాత తెలిసింది. "అవి నా తమ్ముడి బూట్లు. వాడి ఒంటి మీది వస్తువుల్లో చివరిదాకా నడిచినవి అవే. వాటితో వేసిన అడుగులు లేవని నువ్వు ఎలా అంటావు? వాడు దేశం కోసం పోయాడని నాకొక కాగితం ఇచ్చారు మీరు. వాడి బూట్లు అబద్ధం ఆడటానికి ఇవ్వలేదు. పరువట పరువు! తప్పు రాసి, నిజమని సంతకం పెడితే ఉండే పరువు మాకక్కర్లేదు. ఆయన వస్తారు. నువ్వు తీసుకెళ్ళకపోతే బస్సెక్కి వస్తారు. నేను టిక్కెట్టు కొంటాను."

ఆఫీసరు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "మంగళవారం కారు పంపిస్తాను సార్" అన్నాడు. గుమ్మం దగ్గర ఆగి, ఆయనకి సెల్యూట్ చేశాడు. నాకు కూడా ఒకటి చేశాడు. కత్తెరకి భయపడి చేశాడని మా ఆయన ఆ తర్వాత ఏడిపించారు.

మంగళవారం నేనూ వెళ్ళాను. సరిహద్దు వంతెన పక్కన పొడుగాటి హాలు. పొడుగు బల్లకి ఇటు మావాళ్ళు, అటు వాళ్ళు, చివర ఒక దుబాసీ. నన్ను గోడవార కుర్చీలో కూర్చోబెట్టారు. అవతలివాళ్ళని అంత దగ్గరగా చూడటం అదే మొదలు. ఒకాయనకి చొక్కా చేతులు కురచ, ఒకాయన కళ్ళజోడు మాటిమాటికీ తుడుచుకుంటున్నాడు. పెద్ద రాక్షసుల్ని ఊహించుకున్నాను నేను.

మా ఆయన లేచి నిలబడ్డారు. కాగితం చూడకుండానే చెప్పారు. "తప్పు నాది. మా దేశం కావాలని చేసింది కాదు, నేను రాసింది నమ్మింది. ఆ రోజు నా కాలికి నాది కాని బూటుంది. అడుగు అరవై సెంటీమీటర్లే పడింది. మీ మ్యాపులో ఉన్న ప్రతి దూరంలోనూ అయిదో వంతు తగ్గించండి. మొత్తం నలభై ఎనిమిది పాతరలు. వరస తిన్నగానే ఉంది, దూరాలే తప్పు. మీ అమ్మాయి కాలికి నేనే బాధ్యుణ్ణి."

దుబాసీ చెప్పడం అయిపోయాక అటువైపు కళ్ళజోడాయన ఏదో అడిగాడు. దుబాసీ మా భాషలోకి తిప్పాడు: "ఇది మాకెందుకు చెప్తున్నారు? మీరు చెప్పకపోతే మాకు ఎప్పటికీ తెలిసేది కాదు."

"సంధి జరిగిందని పాతరకి తెలీదండీ. దానికి చెప్పగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను" అన్నారు మా ఆయన.

కళ్ళజోడాయన మళ్ళీ కళ్ళజోడు తీశాడు. ఈసారి తుడుచుకోలేదు, అలా చేత్తో పట్టుకుని ఉండిపోయాడు. తర్వాత పక్కవాళ్ళతో ఏదో గుసగుస. తమ కాగితాల్లో కూడా మూడింటికి గుర్తురాళ్ళు వరదలో కొట్టుకుపోయాయని, ఆ సంగతి ఇప్పటిదాకా మాకు చెప్పలేదని, అవి మళ్ళీ కొలిచి ఇస్తామని దుబాసీ చెప్పాడు. మావాళ్ళలో కొందరి నోళ్ళు తెరుచుకుని అలాగే ఉండిపోయాయి. గోడవార కూర్చున్న నాకు మాత్రం మా ఆయన వీపే కనబడుతోంది. మడమ కట్టు వల్ల ఒక కాలు మీద బరువు వేసి నిలబడ్డారు. పెళ్ళినాడు కూడా ఆయన్ని చూసి అంత గర్వపడలేదు నేను. పెళ్ళినాడు ఆయన అంత అందంగా లేరు కూడా.

ఊరికొచ్చాక పూలదండలేం వెయ్యలేదు ఎవరూ. టీవీలో ఎవడో, "శత్రువు ముందు మోకరిల్లిన మాజీ సైనికుడు" అన్నాడు. గోడమీది కాగితం తీసెయ్యమని ఆయనే ఉత్తరం రాశారు, తీసేశారు. ఎప్పుడూ నా దగ్గరే కుట్టించుకునే ఒకావిడ గుడ్డ వెనక్కి తీసుకెళ్తూ, "మీ ఆయన ఇలా చేస్తారనుకోలేదమ్మా" అంది. "నేనూ అనుకోలేదు. అనుకున్నదానికంటే పెద్దమనిషని తేలింది" అన్నాను. ఆవిడ గుడ్డ తీసుకెళ్ళింది. వెళ్ళనీ. కుట్టు రాని చోట కుట్టించుకుని వేసుకుంటే తెలుస్తుంది.

ఆయన మాత్రం లోపల్లోపల నలిగిపోయారు. టీవీ మాటలకి కాదు. నాలుగు నెలలు, పొద్దున్నే పేపరు తీసి ముందు సరిహద్దు వార్తలే వెతికేవారు. అయిదో వంతు తగ్గించమన్నారు కదా, అదీ తప్పయితే? ఇంకో కాలు పోతే? అన్నం సగం తిని లేచేవారు. నిద్రలో అంకెలు గొణిగేవారు. "మీ అడుగు నా టేపు మీద పడింది, నా టేపు తప్పదు" అని తిడితే కాస్త నవ్వేవారు.

అయిదో నెలలో అవతలి దేశం నుంచి కబురు. నేల శుభ్రమైంది, రమ్మని. వాళ్ళ దళంలో ఒక పద్ధతి ఉందట. పాతరలు తీయడం పూర్తయ్యాక, ఆ నేల శుభ్రమని మాటిచ్చినవాళ్ళే ముందుగా దాని మీద నడవాలి. ఆ తర్వాతే ఊరివాళ్ళని రానిస్తారు. ఈసారి ఎవరు నడవాలో ఆ కాలు పోయిన అమ్మాయే అడిగిందట. మా ఆయన రావాలంది.

వెళ్ళాం. ఆఫీసరు కూడా తోడొచ్చాడు. పెద్దగా చూడ్డానికేం లేదు. గడ్డి మొలిచిన నేల, ఒక పక్క తెల్ల సున్నం పూసిన రాయి, దూరంగా తాడు కట్టి, దాని వెనక ఊరి జనం. ఆడవాళ్ళు, మగవాళ్ళు, భుజాలమీద పిల్లలు. అందరూ మమ్మల్నే చూస్తున్నారు. ఆ అమ్మాయి రాయి పక్కన నిలబడి ఉంది. పొట్టి పిల్ల, ఎండకి కమిలిన మొహం. ప్యాంటు కింద ఒక కాలు కొత్తది, బూటు ఉన్నా తెలుస్తోంది. ఇంచుమించు చిన్నోడు పోయినప్పటి వయసే. ఆ రోజు నా కొట్టులో నేనన్న మాట గుర్తొచ్చి, ఆ పిల్ల మొహం చూడలేకపోయాను.

మా ఆయన ఆ అమ్మాయికి చేతులు జోడించారు. "నన్ను క్షమించమని అడగడానికి రాలేదమ్మా. అడిగే హక్కు నాకు లేదు. తప్పు నాదని నీ ఎదురుగా చెప్పాలని వచ్చాను" అన్నారు. దుబాసీ చెప్పాడు. ఆ పిల్ల తల ఊపింది. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు.

"ఎన్ని తీశారు?" అని అడిగారు మా ఆయన.

"నలభై ఏడు."

ఆయన మొహం పాలిపోయింది. "నేను పెట్టింది నలభై ఎనిమిది. నాకు బాగా గుర్తు. ఒకటి ఇంకా లోపలుంది. ఎవర్నీ రానివ్వకండి. తాడు వెనక్కి జరపండి!" చెయ్యి అడ్డం పెట్టి, జనం వైపు తిరిగి అరుస్తున్నారు. లెక్కల మనిషి, ఆ ఒక్క తీసివేత మర్చిపోయారు.

ఆ అమ్మాయి దుబాసీ కోసం ఆగలేదు. ముందుకొచ్చి, ఆయన చెయ్యి కిందకి దించి, తన కొత్త కాలి మీద రెండుసార్లు తట్టింది. భాష రాకపోయినా అర్థమైంది. నలభై ఎనిమిదోది అది.

ఆయన అలా నిలబడిపోయారు. కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో, చిన్నోడి పెట్టె తెచ్చిన రోజుతో సహా, ఆయన అలా ఏడవగా నేను చూడలేదు. ఆ అమ్మాయి కాసేపు చూసి, నేల వైపు చెయ్యి చూపించి ఒక్క మాటంది. దుబాసీ చెప్పాడు: "నడవండి. మీ మాట మీద నేనూ వస్తాను."

ఆయన నడిచారు. తల ఎత్తుకుని, ఆయన మామూలు అడుగు, డెబ్భై అయిదుకి కాస్త తక్కువ. ఆ పక్కనే ఆ పిల్ల, కొత్త కాలు కొంచెం ఈడ్చుకుంటూ. ఆఫీసరు నా చెయ్యి పట్టుకుని ఆపబోయాడు, "అమ్మా, మీరిక్కడే ఉండండి, వాళ్ళు చాలు" అన్నాడు. విదిలించుకున్నాను. నా తమ్ముడు పోయిన నేల అది. వాళ్ళ నేల. అక్కడ అడుగుపెడతానని కలలో కూడా అనుకోలేదు. మా ఆయన మాటిచ్చిన నేల కూడా అదే. చెప్పులు విప్పి, ఆయన వెనకే నడిచాను. ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడిచాను. ఒక్కసారి కూడా కిందకి చూడలేదు.